ఎప్‌కాట్‌కా, అనహైమ్‌కా? హైదరాబాద్ కుటుంబాలకు థీమ్ పార్కు ఆహారోత్సవాల పోలిక

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే హైదరాబాద్ తల్లిదండ్రులకు నయాగరా, న్యూయార్క్ తర్వాత డిస్నీ పేరు వినబడటం మామూలే. ఈమధ్య దానికి ఒక తోక చేరింది: "నాన్నా, ఆ నెలలో రండి, ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ కూడా చూడవచ్చు." వినగానే కొడుకుకు ఎంత ఉత్సాహమో తల్లికి అంత అనుమానం. మనం మందు ముట్టం, శనివారం గుడ్డు కూడా తినం, అక్కడ మనకు ఏం పని అని. ఇంకొన్ని ఇళ్లలో సమస్య వేరు. వెళ్లాలనే ఉంది కానీ ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్‌కా, కాలిఫోర్నియాలోని డిస్నీ ఊరు అనహైమ్‌కా, సెప్టెంబర్‌లోనా, మార్చిలోనా అన్నది తేలదు.

నా మాట ముందే చెబుతాను. ఈ ఉత్సవాల్లో ఏది పేరున్నదో చూసి ఎంచుకుంటే డబ్బూ ఓపికా రెండూ వృథా. మీరు అక్కడ ఏ నెలలో ఉంటారు, ఇంట్లో ఎవరు ఏం తింటారు, పెద్దవాళ్లు ఎంత దూరం నడవగలరు అనేవి ముందు రాసుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

## ముందు ఇది ఎలా జరుగుతుందో

ఉత్సవానికి విడిగా ప్రవేశ రుసుము ఉండదు. పార్కు టికెట్టు కొంటే లోపల స్టాళ్ల మధ్య తిరగవచ్చు, తిన్నదానికి డబ్బు కట్టుకోవాలి. నాంపల్లి నుమాయిష్‌లో గేటు టికెట్టు వేరు, లోపల మిర్చి బజ్జీ ఖర్చు వేరు కదా, ఇదీ అంతే. కాకపోతే డిస్నీలో గేటు టికెట్టే వంద డాలర్లు దాటుతుంది, తేదీని బట్టి ఇంకా పెరుగుతుంది. డిస్నీలో పదేళ్లు నిండిన పిల్లలకు పెద్దల టికెట్టే. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు.

స్టాళ్లలో ఇచ్చేది రుచి చూసే పరిమాణమే, భోజనం కాదు. అరచేతిలో ఇమిడే కాగితపు పళ్లెంలో మూడు నాలుగు ముద్దలకు సరిపడా ఉంటుంది. ఎప్‌కాట్‌లో ఎక్కువ వంటకాలు ఐదు నుంచి పది డాలర్ల మధ్య ఉంటాయి. ఎనిమిది డాలర్ల పళ్లెం అంటే మన లెక్కలో దాదాపు 700 రూపాయలు, పన్ను అదనం. ఆరు పళ్లేలు తింటే ఒకరికి కడుపు నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది. అందుకే పళ్లెం ఒకటి, చెంచాలు నాలుగు అన్న పద్ధతి మేలు. మన ఇళ్లలో అది కొత్తగా నేర్చుకోవలసిన విద్య ఏమీ కాదు.

## నెల

నాలుగు ప్రధానమైన ఉత్సవాలు రెండు కాలాల్లో పడతాయి. ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ ఉత్సవం ఆగస్టు చివర మొదలై నవంబర్ మూడో వారం దాకా సాగుతుంది. 2025లో ఆగస్టు 28 నుంచి నవంబర్ 22 దాకా జరిగింది. మిగతావన్నీ (అనహైమ్‌లోని డిస్నీ పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్, ఫ్లోరిడాలోని సీవరల్డ్, బుష్ గార్డెన్స్, కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్) వసంతంలో, అంటే ఫిబ్రవరి మార్చి మొదలుకొని ఏప్రిల్ మే దాకా.

ఇప్పుడు దీన్ని మన క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. మార్చి, ఏప్రిల్ నెలలు మన పిల్లలకు పరీక్షల కాలం. తెలంగాణ బళ్లకు వేసవి సెలవులు వచ్చేది ఏప్రిల్ చివర. అప్పటికి అనహైమ్‌లో స్టాళ్లు ఎత్తేసి ఉంటారు. బడికి వెళ్లే పిల్లలతో హైదరాబాద్ నుంచి బయలుదేరేవారికి బాగా కుదిరేది దసరా సెలవులే, అప్పుడు ఉన్నది ఎప్‌కాట్ ఒక్కటే. బతుకమ్మ పుణ్యమా అని మన రాష్ట్రంలో ఆ సెలవులు దాదాపు రెండు వారాలు వస్తాయి. సీబీఎస్ఈ బళ్లలో తక్కువ, ముందే కనుక్కోండి.

ఎండలకు భయపడి మే నెలలో వెళ్లి ఆగస్టు మధ్యలో తిరిగి వచ్చే పెద్దలు ఎక్కువ. వారికి ఈ నాలుగింటిలో దాదాపు ఏదీ అందదు. అయితే ఒక వెసులుబాటు ఉంది. ఎప్‌కాట్‌లో మార్చి నుంచి జూన్ మొదటి రోజుల దాకా పూల ఉత్సవం జరుగుతుంది. అందులోనూ తినుబండారాల స్టాళ్లు ఉంటాయి. పూలతో చెక్కినట్టు పెంచిన బొమ్మలు దీనికి అదనం. మే నెలలో దిగేవారు దాన్ని చూసుకుంటే చాలు.

మరో సంగతి ఏ ప్రయాణ పుస్తకంలోనూ ఉండదు, మనకు మాత్రం ముఖ్యం: కార్తీక మాసం. మాంసం తినే ఇళ్లలో కూడా చాలామంది ఆ నెల ముట్టరు, కొందరు ఉల్లి, వెల్లుల్లి సైతం మానేస్తారు. 2026లో దీపావళి నవంబర్ 8న వస్తోంది. ఆ తర్వాత ఎప్‌కాట్‌కు వెళితే మీరు తినగలిగే స్టాళ్లు బాగా తగ్గిపోతాయి. వాతావరణం చూసుకుంటే నవంబరే హాయి, నియమాలు చూసుకుంటే అక్టోబరే మేలు. రెండింటికీ పొత్తు కుదిరేది అక్టోబర్ రెండో సగంలో.

## కడుపు

శాకాహారం అంటే మనకూ వారికీ ఒకే అర్థం కాదు. చేపల రసంలో ఉడికించిన కూరగాయలు, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) కలిపిన తీపి, జంతువుల నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెట్టిన చీజ్ ఇవన్నీ పైకి శాకాహారంలానే కనిపిస్తాయి. డిస్నీ పార్కుల మెనూలో ఆకు గుర్తు ఉన్నవాటిలో మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ ఉండవు. గుడ్డు కూడా తినని ఇంటికి కళ్లు మూసుకుని నమ్మదగిన గుర్తు అదే. పాలు, పెరుగు ఫరవాలేదనుకునేవారు స్టాలు దగ్గర పదార్థాల వివరాల పుస్తకం అడిగితే చూపిస్తారు. అలర్జీల కోసం పెట్టిన పుస్తకం అది, మన అవసరానికీ పనికొస్తుంది.

ఎప్‌కాట్‌లో కెనడా స్టాలు ముందు ఏటా పొడవాటి వరుస ఉంటుంది. చెడ్డర్ చీజ్ సూపు అక్కడి ప్రత్యేకత. చిన్న కాగితపు గిన్నెలో పసుపు రంగులో చిక్కగా, పొగలు కక్కుతూ ఇస్తారు, ముంచుకోవడానికి ఉండలా చేసిన బ్రెడ్డు పక్కనే. చూడగానే శాకాహారమనిపిస్తుంది. ఆ వరుసలో తెలుగువారు నిలబడితే ఇలాంటి మాటలు వినబడతాయి:

"చీజే కదమ్మా, నేనూ తాగుతా."

"ఆగండి అత్తయ్యా, ఇందులో బేకన్ వేస్తారు."

"బేకన్ అంటే?"

"పంది మాంసం."

అంతే, అత్తయ్య పక్క స్టాలు వైపు నడక మొదలుపెడుతుంది. అదే కెనడా స్టాల్లో పుట్టగొడుగులతో వచ్చే ఫిలే మిన్యాన్ గొడ్డు మాంసం. ఇలాంటి వంటకాల పేర్లు ముందే తెలిసి ఉండాలి. గొడ్డు, పంది తినని మాంసాహారులు చికెన్, చేపలు, రొయ్యలు ఉన్న స్టాళ్లను ముందే గుర్తుపెట్టుకుంటే మేలు. హలాల్ తినేవారు స్టాళ్లలో మాంసం జోలికి పోకుండా చేపలు, ఆకు గుర్తు వంటకాలతో సరిపెట్టుకోవాలి.

ఇండియా స్టాలు కూడా చాలా ఏళ్లుగా ఉంటోంది. క్యాలీఫ్లవర్, సెనగలు వేసిన మద్రాస్ ఎర్ర కూర కొన్నేళ్లు అమ్మారు, ఆకు గుర్తుతో. సికింద్రాబాద్ నుంచి అంత దూరం వెళ్లి 700 రూపాయలకు క్యాలీఫ్లవర్ కూర తినాలా అంటే నేను వద్దనే అంటాను. కానీ మధ్యాహ్నం మూడింటికి నీరసించిన నాన్నగారికి రెండు ముద్దల అన్నం కనిపిస్తే ఆ లెక్క మారిపోతుంది.

## పట్టిక

| చూడవలసినది | ఎప్‌కాట్ | కాలిఫోర్నియా అడ్వెంచర్ | సీవరల్డ్, బుష్ గార్డెన్స్ | నాట్స్ బెర్రీ ఫామ్ |
|---|---|---|---|---|
| ఊరు | ఆర్లాండో, ఫ్లోరిడా | అనహైమ్, కాలిఫోర్నియా | ఆర్లాండో, టాంపా | బ్యూనా పార్క్, కాలిఫోర్నియా |
| కాలం | ఆగస్టు చివర – నవంబర్ | మార్చి – ఏప్రిల్ | ఫిబ్రవరి, మార్చి – మే | వసంతం |
| రోజులు | ప్రతిరోజూ | ప్రతిరోజూ | ఎక్కువగా వారాంతాలు | ప్రతిరోజూ |
| శాకాహారికి | బాగుంటుంది, వెతుక్కోవాలి | బాగుంటుంది, వెతుకులాట తక్కువ | పరిమితం | తీపి పదార్థాలు బోలెడు |
| నడక | చాలా ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ | తక్కువ |
| ఇంటి తిండి లోపలికి | తీసుకెళ్లవచ్చు | తీసుకెళ్లవచ్చు | చిరుతిండి, నీళ్ల వరకే | కష్టం |
| మన బడి సెలవులతో | దసరాకు కుదురుతుంది | కుదరదు | మే నెలలో కొంత | కుదరడం అరుదు |

## ఎప్‌కాట్

పేరు మోసింది ఇదే, అందుకు తగినట్టే ఉంటుంది కూడా. 1982 అక్టోబర్ 1న తెరిచిన ఈ పార్కులో ఒక సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలున్నాయి: మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా. ఉత్సవం రోజుల్లో వీటి మధ్య, పార్కు ముందు భాగంలోనూ ఇతర దేశాల స్టాళ్లు వెలుస్తాయి. సరస్సు చుట్టూ ఒక్క ప్రదక్షిణ దాదాపు రెండు కిలోమీటర్లు. గేటు నుంచి అక్కడికి, మళ్లీ వెనక్కి, ఆగి తిని తిరిగేసరికి రోజుకు ఎనిమిది పది కిలోమీటర్లు తేలిగ్గా అవుతుంది. కేబీఆర్ పార్కులో రోజూ నడిచేవారికి ఇది లెక్క కాదు. మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రం చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోవడానికి మొహమాటపడకూడదు. సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవలు తిరుగుతాయి, టికెట్టులోనే. సగం ప్రదక్షిణ తగ్గించుకునే ఉపాయం అది.

గేటు దగ్గర ఉచితంగా ఇచ్చే చిన్న పుస్తకాన్ని ఫెస్టివల్ పాస్‌పోర్టు అంటారు. ఏ స్టాల్లో ఏముందో, ధర ఎంతో అందులో ఉంటుంది. తిన్నవాటికి గుర్తు పెట్టుకుంటూ పోవచ్చు. పిల్లలకంటే తాతయ్యలే దాన్ని శ్రద్ధగా నింపుతారని నా అనుమానం. చీజ్ ఇష్టమున్నవారికి మరో ఆట: చీజ్‌తో చేసిన నిర్ణీత వంటకాల్లో ఐదు కొని ముద్రలు వేయించుకుంటే చివర ఒక చిరు బహుమతి. ఐదింటికీ డబ్బు మీదే కాబట్టి బహుమతి ఉచితం అనుకోకండి. సాయంత్రాలు సంగీత కచేరీలుంటాయి, వాటికి విడిగా డబ్బు అక్కర్లేదు.

దేశాల మండపాలు ఉదయం 11కు తెరుస్తారు. ఆ మొదటి గంటన్నర బంగారం లాంటిది, వరుసలు చిన్నవి. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఆర్లాండో జనమంతా అక్కడే ఉంటారు, తినడానికి కాదు, ఎక్కువగా తాగడానికి. గ్లాసులు చేతబట్టుకుని దేశం దేశం తిరిగే యువకుల గుంపుల మధ్య అమ్మానాన్నలతో తిరగడం ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. సోమవారం నుంచి గురువారం మధ్యలో వెళ్లండి. అక్టోబర్ రెండో సోమవారం అక్కడ సెలవు, ఆ రోజు తప్పించండి.

ఇక ఎండ. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో ఆర్లాండోలో హైదరాబాద్‌లాంటి పొడి ఎండ ఉండదు, చొక్కా వంటికి అతుక్కుపోయే ఉక్కపోత ఉంటుంది. మధ్యాహ్నం ఉరుములతో వాన కురవడం రోజువారీ సంగతి. తుపానుల కాలం నవంబర్ 30 దాకా సాగుతుంది. విమానం, హోటలు బుక్ చేసేటప్పుడు రద్దు చేసుకునే వీలుందో లేదో చూసుకోవలసింది ఇక్కడే.

## కాలిఫోర్నియా అడ్వెంచర్

అనహైమ్‌లో అసలు డిస్నీల్యాండ్‌కు ఎదురుగా, గేటుకు గేటు కనిపించే దూరంలో ఉన్న పార్కు ఇది. 2001లో తెరిచారు. ఇక్కడి ఆహారోత్సవం 2006లో మొదలై, మధ్యలో ఆగి, 2016లో తిరిగొచ్చింది. దేశాల పేర్లకు బదులు స్టాళ్లను దినుసుల చుట్టూ కట్టారు: ఒకచోట వెల్లుల్లి, ఒకచోట అవకాడో, మరోచోట బెర్రీలు, ఇంకోచోట చీజ్. శాకాహారికి ఇది అనుకోని మేలు. ఏ స్టాలు దగ్గర ఆగాలో పేరే చెప్పేస్తుంది.

స్టాళ్లన్నీ ఊరేగింపు సాగే దారి పొడవునా దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి నడక తక్కువ. కూపన్ల పాసు కొంటే ఒక్కో కూపన్‌కు ఒక్కో వంటకం తీసుకోవచ్చు, మద్యానికి అది చెల్లదు. మనలాంటి వారికి అదీ ఒకందుకు మంచిదే. ఖరీదైన వంటకాలకు కూపన్ వాడి, చవకవాటికి విడిగా చెల్లిస్తేనే పాసు గిట్టుబాటు. నాలుగు డాలర్ల తీపి ముక్కకు కూపన్ చింపి ఇచ్చేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వాతావరణం సంగతికొస్తే పోటీయే లేదు. మార్చి, ఏప్రిల్‌లలో పగలు హాయిగా, పొద్దున్నా రాత్రీ స్వెటర్ వేసుకునేంత చలిగా ఉంటుంది. ఇబ్బందల్లా ఈస్టర్ చుట్టూ అక్కడి బడి సెలవుల రద్దీ. ఇంకో ఆకర్షణ పార్కు బయట ఉంది. అరగంట దూరంలో ఆర్టీసియాలోని పయొనీర్ బులవార్డ్ లిటిల్ ఇండియాగా పేరుపొందింది. పగలంతా చీజ్ తిన్న నాలుకకు రాత్రి ఇడ్లీ, సాంబారు దొరుకుతుందన్న భరోసా పెద్దవాళ్లకు చిన్నది కాదు. ఆర్లాండోలో ఇంటర్నేషనల్ డ్రైవ్ చుట్టూ భారతీయ హోటళ్లున్నాయి కానీ ఇంత వీధి లేదు.

ఎప్‌కాట్‌తో పోలిస్తే ఇక్కడ లేనిది ప్రపంచం చుట్టినట్టుండే ఆ అనుభూతి. ఉన్నది చిన్నపిల్లలకు సరిపడే వినోదం: కార్స్ ల్యాండ్, పిక్సార్ పియర్, పిల్లలకు వంట ఆటలు. ఎప్‌కాట్‌లో ఐదేళ్ల మనవడు రెండో దేశానికే విసుగు చూపిస్తాడు, ఇక్కడ చూపించడు.

## మిగిలిన రెండూ క్లుప్తంగా

ఆర్లాండో సీవరల్డ్‌లోనూ, టాంపాలోని బుష్ గార్డెన్స్‌లోనూ వసంతంలో ఆహారోత్సవాలుంటాయి. మెడలో వేసుకునే కార్డు కొంటే పది, పదిహేను వంటకాలు రుచి చూడవచ్చు. కుటుంబమంతా ఒకే కార్డు మీద పంచుకుంటే లెక్క డిస్నీ కంటే చవకగా తేలుతుంది. రోలర్ కోస్టర్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లుంటే ఇవే సరైనవి. కానీ శాకాహారికి ఎంపిక తక్కువ, స్టాళ్లు ఎక్కువగా వారాంతాల్లోనే తెరుస్తారు. వృద్ధులతో వెళ్లేవారికి నేను సిఫారసు చేయను.

నాట్స్ బెర్రీ ఫామ్ అనహైమ్‌కు దగ్గర్లోనే. అక్కడి ఉత్సవమంతా బాయ్సెన్‌బెర్రీ అనే ఊదా రంగు పండు చుట్టూ తిరుగుతుంది. రుడాల్ఫ్ బాయ్సెన్ పెంచిన ఆ సంకర మొక్కను 1930లలో వాల్టర్ నాట్ అనే రైతు కాపాడి పండించి అమ్మాడు, పార్కు పుట్టుక కూడా ఆ పొలం అంగడి నుంచే. పై, జామ్, ఐస్‌క్రీమ్, చివరకు చికెన్ ముక్కల మీద పూతగా కూడా ఆ పండే. తీపి ఇష్టమున్న శాకాహారులకు పండగ, మధుమేహం ఉన్నవారికి పరీక్ష. పార్కు చిన్నది, టికెట్టు డిస్నీ కంటే చవక. అనహైమ్‌లో రెండు మూడు రోజులుండేవారికి అదనపు రోజుగా బాగుంటుంది, దాని కోసమే హైదరాబాద్ నుంచి బయలుదేరడం అనవసరం.

## మీరు ఏ కోవకు చెందుతారు?

మందు, మాంసం రెండూ ముట్టని పెద్దలైతే ఉత్సవం కోసం రోజంతా కేటాయించకండి. స్టాళ్లకు రెండు మూడు గంటలు చాలు, మిగతా సమయం పార్కుకు. ఎంపిక మాత్రం పిల్లలున్న ఊరిని బట్టి చేయండి. కొడుకు బే ఏరియాలో ఉంటే అనహైమ్ కారులో ఆరేడు గంటలు, కూతురు అట్లాంటాలో ఉంటే ఆర్లాండో అంతే దూరం. డల్లాస్ నుంచి రెండూ విమానమే. ఉత్సవం బాగుందని ఖండానికి ఆ చివరికి వెళ్లేంత తేడా వీటిలో లేదు.

వైన్ రుచి తెలిసిన జంటకైతే ఎప్‌కాట్ తప్ప వేరే మాట లేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి, మన రాష్ట్రంలోనూ అదే వయసు కాబట్టి కొత్తేమీ కాదు. అసలు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి, ఫోనులో ఫొటో చూపిస్తే కుదరదు. చిన్న గ్లాసులే కదా అని దేశానికొకటి తాగితే ఆరో దేశం దగ్గర పడవ ఎక్కించవలసి వస్తుంది.

ఆరేడేళ్లలోపు పిల్లలుంటే కాలిఫోర్నియా. బడి పిల్లలతో దసరాకు వెళ్లేవారికి ఎప్‌కాట్. ఖర్చు గట్టిగా చూసుకునే స్నేహితుల బృందానికి సీవరల్డ్ కార్డు. ఇప్పటికే ఒకసారి డిస్నీ చూసినవారు, మళ్లీ తీసుకెళ్తామంటే నిట్టూర్చేవారు, అనహైమ్‌లో ఒకరోజు నాట్స్‌కు ఇచ్చి చూడవచ్చు.

## బుకింగు, సంచి, డబ్బు

వీసా ముద్ర పడేదాకా పార్కు టికెట్టు కొనకండి. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు దొరుకుతుందన్నది మన చేతుల్లో లేదు, టికెట్లేమో తేదీ వేసి అమ్ముతారు, డబ్బు వాపసు ఇవ్వరు. ఆర్లాండోకు హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్‌లో ఒక్కచోట మారి ఎమిరేట్స్‌లో వెళ్లవచ్చు. దిగిన మర్నాడే పార్కు పెట్టుకుంటే పెద్దవాళ్లు మధ్యాహ్నం రెండింటికి బల్ల మీద తల వాల్చేస్తారు. కనీసం మూడు రోజుల విరామం ఇవ్వండి.

డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లవచ్చు. ఫ్లోరిడాలో షరతులు స్పష్టంగా ఉన్నాయి: గాజు సీసాలు వద్దు, వేడిచేయవలసినవి వద్దు, ఘాటైన వాసన వచ్చేవి వద్దు. పులిహోర, చపాతీ, మురుకులు నిక్షేపంగా వెళతాయి. ఆవకాయ విషయం మీ విచక్షణకే వదిలేస్తున్నాను. మంచినీళ్లు కొనవద్దు, తిండి అమ్మే కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్ల గ్లాసు ఉచితంగా ఇస్తారు. మధుమేహానికి మందులు వేసుకునేవారు భోజనం వేళను స్టాళ్ల వరుసలకు వదిలేయకుండా ఆ డబ్బాతోనే కానిచ్చి, స్టాళ్లను రుచులకే ఉంచుకోవాలి.

ఖర్చు చేయి దాటకుండా ఎప్‌కాట్‌లో ఒక ఉపాయం ఉంది. చేతికి తగిలించుకునే చిన్న గిఫ్ట్ కార్డు అమ్ముతారు. మనిషికి ముప్పై, నలభై డాలర్లు అందులో వేసి ఇచ్చేస్తే ఎవరి ఇష్టం వారిది, ఎవరి లెక్క వారిది. మామగారు కోడలిని డబ్బు అడగనక్కర్లేదు, కోడలు మామగారికి వద్దని చెప్పనక్కర్లేదు.

ఉత్సవానికి కొద్ది వారాల ముందు ఆ ఏటి మెనూ బయటపెడతారు. అప్పుడు ఇంట్లో కూర్చుని, ప్రతి ఒక్కరికీ మూడు వంటకాల చొప్పున గుర్తుపెట్టి, వాటిని మ్యాపు మీద ఒకే దిక్కుగా వచ్చేట్టు పేర్చుకోండి. ఎప్‌కాట్‌లో 11కు మెక్సికో వైపు నుంచి మొదలుపెడితే ఎండ ముదిరేసరికి అమెరికా మండపం దగ్గర ఉంటారు. అక్కడ చల్లని హాలులో అరగంట ప్రదర్శన ఉంది. బయట వాన కురుస్తుంటే పెద్దవాళ్లకు కునుకు తీయడానికి అంతకంటే మంచి చోటు ఆ పార్కులో లేదు.